ఎర్ర కమాన్ల ఇంట్లో రెండు గొంతులు

ఈ మాట ఇంతవరకూ నేను ఎవరితోనూ అనలేదు. ఎర్ర కమాన్ల ఇంట్లోంచి రాత్రిపూట వినిపించే పిలుపు గురించి మొదటిసారి విన్నప్పుడు, అందరిలా నాకు భయం వెయ్యలేదు. అసూయ వేసింది.

నవ్వకండి. దెయ్యమో, పిశాచమో, ఏదైతేనేం — అది ఎవరినో ఇంటికి రమ్మని పిలుస్తోందట. బతిమాలుతోందట. నన్ను అలా పిలిచేవాళ్ళు లేక చాలాకాలమైంది.

ముందు ఆ ఇంటికున్న చెడ్డపేరు చెబుతాను.

చైనా తీరాన మా కులాంగ్సూ దీవిలో ఖాళీ ఇళ్ళకి కొదవ లేదు. దొరలు కట్టినవి కొన్ని, దొరల్ని చూసి మావాళ్ళు కట్టుకున్నవి కొన్ని. ఎర్ర కమాన్ల ఇల్లు రెండో రకం. మనీలాలో చక్కెర వ్యాపారం చేసినాయన ఒకడు కట్టించాడు. ఆయనకి ముగ్గురు భార్యలు. ముగ్గురి సంతానమూ మనీలా అనీ, సురబయ అనీ, సింగపూర్ అనీ చెదిరిపోయింది. ఇల్లు బాగుచెయ్యాలంటే వారసులందరూ సంతకం పెట్టాలి. అందరూ అంటే ఎవరెవరో ఆ వారసులకే తెలీదు. అమ్మడానికి లేదు, కూల్చడానికి లేదు. కాపాడవలసిన కట్టడం అని చెక్కిన రాతిపలక ఒకటి గోడకి బిగించారు. కాపాడ్డం అంటే వెదురుబొంగులు పోటు పెట్టి, పైన పచ్చటి వల కప్పి, గేటుకి తాళం వెయ్యడం.

పెరట్లో బావి ఉంది. బావి ఉన్నాక ఊరుకుంటారా? ఏ పాత ఇంట్లో బావి కనబడ్డా అందులో ఒక మూడో భార్యని దూకించేస్తారు మావాళ్ళు. మా చిన్నప్పుడు ఆ ఇంట్లో ఉన్నది ఆవిడే. తడి జుట్టుతో మెట్లమీద కూచుంటుంది, తల దువ్వమని దువ్వెన ఇస్తుంది... మామూలు కబుర్లు. ఆవిడకి ఎవరూ పెద్దగా భయపడేవాళ్ళు కాదు. పగలు ఆ బావి గట్టునే ఆడవాళ్ళు బట్టలు ఉతుక్కునేవాళ్ళు.

కిందటి చలికాలం నుంచి మొదలైంది అసలుది.

ఇది మా ఖూ మామకి జరిగింది. ఆయన చెప్పగా విన్నాను.

నేనిప్పుడు దీవిలో ఉండను. నీళ్ళకి ఇవతల, షియామెన్ రేవు దగ్గర, పెక్-హా అక్క వేరుశనగ జావ కొట్లో పనిచేస్తాను. కొట్టు పైనే గది. కిటికీ తీస్తే ఎదురుగా దీవి. పడవెక్కి, కూచునే చోటు వెతుక్కునేలోగా అవతలి ఒడ్డు వచ్చేస్తుంది. అంత దగ్గర. అయినా మూడేళ్ళుగా వెళ్ళలేదు.

ఎందుకంటే...

దీవివాళ్ళకి పడవకి వేరే కార్డు ఉంటుంది. దీవిలోని ఇంటి చిరునామాలో పేరున్నంతకాలం ఆ కార్డు. ఈ ఒడ్డున గది దొరకడానికి పనికొస్తుందని నేను పేరు ఇటు మార్పించుకున్నాను. పేరు మారింది, కార్డు పోయింది. ఇంటికెళ్ళి ఆ సంగతి చెప్పినప్పుడు అమ్మ చేపకి పొలుసు తీస్తోంది. తలెత్తలేదు.

“మీ నాన్న పోయి ఏడాది తిరగలేదు. అప్పుడే ఇంట్లోంచి పేరు తీయించుకున్నావా?”

“కాగితంలోనే కదమ్మా.”

“ఆఁ, కాగితంలోనే. ఇంక నువ్వు టూరిస్టువి. వాళ్ళ రేవునుంచి, వాళ్ళ వరసలో నిలబడి, టికెట్ కొనుక్కుని రా. నాలుగు ఫోటోలు తీసుకుని పో.”

“సరే, పోతా. మళ్ళీ నువ్వు పిలిస్తేనే వస్తా.”

“పిలవను,” అంది అమ్మ, చేపని తిరగేస్తూ.

పిలవలేదు. నేనూ వెళ్ళలేదు. ఇద్దరం ఒకే మొండి ముక్కతో చేసినవాళ్ళం. ఇదివరకు మా ఇద్దరి మధ్యా నాన్న ఉండేవాడు. ఇప్పుడు ఆ చోట్లో సముద్రం ఉంది.

ఖూ మామ మా నాన్నతో కలిసి చెక్కబండి లాగినవాడు. మా దీవిలో మోటారు బండి అన్న మాటే లేదు కదా. ఫ్రిజ్జు రావాలన్నా, ఇసక రావాలన్నా, శవపేటిక రావాలన్నా చెక్కబండీ, మనిషి భుజమూ. పని అయ్యాక ఆయన ఇవతలికొచ్చి మా కొట్లో ఒక గిన్నె జావ తాగి వెళ్తాడు. ఆ రోజు గిన్నె ముందు పెట్టుకుని ముట్టుకోకుండా కూచున్నాడు.

“నేను దెయ్యాల్ని నమ్మను,” అన్నాడు. “అయినా అది దెయ్యమే.”

పెక్-హా అక్క గరిటె పట్టుకునే వచ్చింది. “నిజం చెప్పు ఖూ. ఎంత తాగావు?”

“తాగినవాడు బరువేసుకుని ఆ పల్లంలో బండి ఆపగలడా? తాగుంటే నీ కొట్టు దాకా వచ్చేది నేను కాదు, నా చావు కబురు.”

“మరి ఈ వణుకేమిటి?”

“చెప్పనిస్తావా, గరిటెతో కొడతావా?”

పెళ్ళి ఫోటోలు తీసే స్టూడియో ఒకటి కొండ మీద ఉంది. వాళ్ళకి నిలువుటద్దం ఒకటి వచ్చింది. మనిషికంటే ఎత్తు. పగలు సందుల్లో జనం కిటకిట, అద్దంతో వెళ్ళడం కుదరదు. జనం పలచబడ్డాక బయల్దేరాడు. అద్దాన్ని బండిమీద నిలువుగా కట్టి, ముఖం ముందువైపుకి తిప్పి, నడుం వంచి లాగుతున్నాడు. ఎర్ర కమాన్ల ఇంటి సందు ఎక్కేసరికి దీపాలు సగం లేవు. గాలి లేదు. కుక్క లేదు.

“అప్పుడు వినబడింది,” అన్నాడు.

“ఏమిటి?”

“పిలుపు. ఆడగొంతు. అరుపు కాదు... గొణుగుడూ కాదు. నిద్రపోయే పిల్లని లేపుతున్నట్టు.”

ఆయన ఆగలేదు. రాత్రిపూట పిలుపు వినబడితే తలెత్తకూడదు, తిరిగి చూడకూడదు, పలకకూడదు. మాకందరికీ తెలిసిందే. నేల చూస్తూ లాగుతున్నాడు. కానీ తాడు వదులైనట్టు అనిపించింది. అద్దం ఊగుతోంది. తాడు చూద్దామని వెనక్కి తిరిగాడు...

అద్దంలో తన ముఖం. తన భుజం. భుజం మీదుగా ఎర్ర కమాన్ల ఇంటి గోడ. గోడ పైన —

చొక్కా.

ఎర్రటి చిన్న చొక్కా. నాలుగైదేళ్ళ పిల్లకి పట్టేది. అందులో మనిషి లేదు. గోడమీంచి లేచి, చేతులు వేలాడేసుకుని, అటూ ఇటూ మెల్లగా తిరుగుతోంది. వెతుకుతున్నట్టు.

“చూసుకో పెక్-హా. చొక్కా. ఒట్టి చొక్కా.”

అక్క గరిటెలోంచి జావ చుక్కలు నేలమీద పడుతున్నాయి.

“అప్పటికీ నిలబడ్డాను. పిలిచేది ఒక గొంతే అయితే ఎలాగోలా దాటేసేవాణ్ణి. కానీ... రెండోది పలికింది.”

“రెండోదా?”

“చిన్నపిల్ల గొంతు. ముద్దుముద్దుగా. ‘వత్తున్నా’ అంది.”

ఆయన బండి వదిలేశాడు. మా నాన్నతో పాతికేళ్ళు బండి లాగి, తుపానులో కూడా కాడి వదలని మనిషి. బండి పల్లంలో వెనక్కి దొర్లి, మలుపు గోడకి గుద్దుకుంది. అద్దం భళ్ళుమంది. ఆ చప్పుడుకి ఒక్క కిటికీ తెరుచుకోలేదు. కింది సందులో తెరిచున్న రెండు కిటికీలు మూసుకున్నాయి.

“ఏమని పిలిచింది మామా?” అని అడిగాను.

“నీకెందుకే?”

“చెప్పు.”

“ ‘రా తల్లీ... చలిలో ఉండకు... భయం లేదు, ఇంటికొచ్చెయ్’ అని.”

“ఎవర్ని? పేరేమిటి?”

“పేరు చెవిన వేసుకుంటానా! దెయ్యం పిలిచే పేరు వింటే అది మన నోటికి అంటుకుంటుంది. రెండు చెవులూ మూసుకున్నాను.” గిన్నె దగ్గరకి లాక్కున్నాడు. “సందులో మిగిలినవాళ్ళు ఇద్దరే. లిమ్ ముసలాయనకి చెవుడు. ఇంకోరు మీ అమ్మ. ఆ ఇంటికి గోడకి గోడ. మర్నాడు వెళ్ళి అడిగాను. ‘వదినా, రాత్రి నీకేమైనా వినబడిందా’ అని.”

“ఏమంది?”

“ ‘నాకేం వినబడదు, నువ్వు తాగడం తగ్గించు’ అంది. తలుపేసుకుంది.”

పెక్-హా అక్క పకపకా నవ్వింది. ఖూ మామ కూడా నవ్వేశాడు. నేను గిన్నె తీసుకుని తొట్టి దగ్గరకి వెళ్ళాను. అమ్మ ఎలా ఉంది మామా, చిక్కిందా, మోకాలి నొప్పి ఎలా ఉంది... అడగాలనుకున్నవన్నీ ఆ ఒక్క గిన్నె కడుగుతూ కడిగేశాను.

తర్వాత ఆ కథ పెరిగింది. బసలు నడిపేవాళ్ళు అతిథులకి చెప్పడం మొదలుపెట్టారు. కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని వెళ్ళి, గొంతు వినగానే చెప్పులు వదిలి పరిగెత్తారు. పిలిచేది మూడో భార్య అనీ, పలికేది ఆవిడతో పాటు బావిలో పోయిన కూతురనీ కథకి కాళ్ళూ చేతులూ వచ్చాయి. నేను మాత్రం రాత్రి కిటికీ తీసి, దీవి దీపాలు చూస్తూ ఆ మాటలే అనుకునేదాన్ని.

రా తల్లీ. చలిలో ఉండకు.

చచ్చిన తల్లి పిలుస్తుంది. బతికున్న తల్లి పిలవదు. ఇదీ నా అసూయ.

వానపడి కొట్టుకి బేరం లేని ఒక సాయంత్రం పెక్-హా అక్క త్వరగా పొమ్మంది. మేడెక్కాల్సిన కాళ్ళు రేవువైపు నడిచాయి. పగలు టూరిస్టుల రేవు వేరే గానీ, చీకటి పడ్డాక ఈ రేవునుంచి ఎవరైనా ఎక్కొచ్చు. టికెట్ కొనుక్కున్నాను. గొడుగులతో, తినుబండారాల సంచులతో నవ్వుతున్న జనం వరసలో నిలబడ్డాను. పక్కనే దీవివాళ్ళ దారి. మా సందు కింద కూరలమ్మే ఆవిడ అటునుంచి వెళ్తూ నావైపు చూసింది. టోపీ కిందికి లాక్కున్నాను.

దిగాక ఎవర్నీ దారి అడగక్కర్లేకపోవడం ఒక్కటే నాకు మిగిలిన హక్కు. తడి రాళ్ళమీద వెలుతురు జారుతోంది. ఎక్కడో ఆల్చిప్పల అట్టు మాడిన వాసన. పాత ఆస్పత్రి గోడ, మూసేసిన నా బడి గేటు, ఒకప్పుడు సబ్బులు అమ్మి ఇప్పుడు కాఫీ అమ్మే కొట్టు... అన్నీ దాటి మా సందు.

అమ్మ కిటికీలో దీపం లేదు. తలుపు పక్కన మేకుకి నాన్న వానకోటు ఇంకా వేలాడుతోంది. దుమ్ము లేదు. ఎవరో తుడుస్తున్నారు. ఎవరో ఏమిటి... అమ్మే.

అప్పుడే పడుకుందా? చెయ్యెత్తాను, తలుపు తట్టడానికి. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. పిలిస్తేనే వస్తానన్నదాన్ని నేనే కదా.

చెయ్యి దించేసి సందులో పైకి నడిచాను. ఎర్ర కమాన్ల ఇంటి వైపు.

పెరటి గోడకి ఒక చిన్న చెక్క తలుపుంది. నాన్న ఉన్నప్పుడు ఆ తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది, రాత్రిళ్ళు బండి లోపల పెట్టుకునేవాడు. ఇప్పుడు తాళం లేదు, తలుపు దగ్గరకి వేసుంది. ఆ తలుపు దగ్గర రాతిమెట్టు మీద కూచున్నాను. అవతల బావి. ఆ బావంటే నాకు చిన్నప్పటినుంచీ భయం. ఎందుకో చెబుతాను.

వాన ఆగింది. ఆకులనుంచి చినుకులు... ఒకటి... ఒకటి.

కింద సందులో నవ్వులు ఆగిపోయాయి. ఆఖరి పడవ కూత వినబడింది. నేను లేవలేదు.

చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత... లోపల ఏదో కదిలింది. గడ్డిమీద అడుగులు. తడి గడ్డిమీద, మెల్లగా, ఒక కాలు ఈడుస్తూ.

అగరుబత్తి వాసన వచ్చింది.

ఇంతవరకూ ధైర్యం అనుకున్నది ధైర్యం కాదు, దూరం అని అప్పుడు తెలిసింది. మెట్టుమీదే గోడకి అంటుకుపోయాను.

“రా... తల్లీ...”

అదే. మామ చెప్పినట్టే. అరుపు కాదు, గొణుగుడు కాదు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు బొంగురుగా ఉంది. ఆడగొంతే, కానీ ఈ లోకంలోది అనిపించలేదు.

“రా తల్లీ... చలిలో ఉండకు... నీళ్ళ దగ్గర ఉండకు... భయం లేదు, రా...”

తలెత్తాను. ఎత్తకూడదు. ఎత్తాను.

గోడ మీంచి చొక్కా లేచింది.

ఎర్రది. చిన్నది. చేతులు వేలాడేసుకుని, మెడ దగ్గర నల్లటి ఖాళీతో, అటు తిరిగింది... ఇటు తిరిగింది... నావైపు తిరిగి ఆగింది.

టోపీ తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాను.

చొక్కా దిగిపోయింది. అడుగులు మళ్ళీ వినబడ్డాయి. ఈసారి దూరం వెళ్ళడం లేదు. తలుపువైపు వస్తున్నాయి. నావైపు. దగ్గరగా... ఇంకా దగ్గరగా... తలుపు చెక్కకి అవతల ఆగాయి. నా చెవికీ దానికీ మధ్య ఒక చెక్క. అవతల ఊపిరి ఆడుతోంది. దెయ్యానికి ఊపిరి ఉంటుందా?

ఊపిరి కిందికి దిగింది. ఎవరో కూలబడ్డట్టు, చిన్నపిల్ల ఎత్తుకి.

ఆ ఎత్తునుంచి, సరిగ్గా నా చెవి పక్కన, సన్నటి గొంతు —

“వత్తున్నా... అమ్మా, వత్తున్నా...”

ఆ గొంతు నాది.

పిచ్చి అనుకోండి. కానీ మన గొంతు మనకి తెలుస్తుంది. ఐదేళ్ళప్పుడు నాకు స తిరిగేది కాదు. సందంతా నన్ను ఆ మాట అనిపించుకుని నవ్వేవాళ్ళు. చచ్చిపోయానా నేను? ఎప్పుడు చచ్చిపోయాను? ఆ బావిలో పడ్డ రోజునేనా?

పడ్డాను, నిజంగానే. ఆ భయం అదే. బావిలో చల్లగా వేలాడదీసిన పండ్లబుట్ట అందుకోబోయి జారిపోయాను. నాన్న చేదతాడు పట్టుకుని దిగి పైకి తెచ్చాడు. బతికాను గానీ, తర్వాత మాట రాలేదు. అన్నం ముట్టలేదు. కళ్ళు తెరుచుకుని పడుకునేదాన్నట. పిల్ల ప్రాణం బావి దగ్గర జారిపోయింది, పిలుచుకు రావాలి, అంది నాయనమ్మ. నా చొక్కాని బట్టలారేసే వెదురుకర్రకి కట్టి, అగరుబత్తి వెలిగించి, ఈ పెరట్లోనే తిరుగుతూ పిలిచింది. మా ఇంటి గడపలో నాన్న నిలబడి నా బదులు పలికాడు. ఇది ఒక్కళ్ళు చేసేది కాదు. పిలిచేవాళ్ళు ఒకరు, పలికేవాళ్ళు ఒకరు ఉండాలి. పలికేవాళ్ళు లేకపోతే ప్రాణానికి దారి తెలీదు.

అప్పుడు కర్రకి కట్టిన నా చొక్కా కూడా ఎర్రదే...

తలుపు సందుకి కన్ను ఆనించాను.

అగరుబత్తి నిప్పు. దాని వెలుగులో ఒక చెయ్యి. చేపలు తోమి తోమి వేళ్ళ చివర్లు తెల్లబడ్డ చెయ్యి.

మా అమ్మ.

గడప లోపల గొంతుక్కూచుని ఉంది. మోకాలి నొప్పికి పళ్ళు బిగించి, లేవలేక, గోడ పట్టుకుని లేచింది. జుట్టు ఎంత తెల్లబడిపోయింది! వెదురుకర్ర భుజాన వేసుకుని, కాలు ఈడుస్తూ మళ్ళీ బావి దగ్గరకి నడిచింది. అక్కడ నిలబడి, అమ్మ అయ్యి, పిలిచింది.

“ఆహున్... రా తల్లీ, ఇంటికొచ్చెయ్...”

నా పేరే.

మళ్ళీ అంత దూరమూ నడిచి గడప దగ్గరకి వచ్చింది. కూలబడింది. గొంతు సన్నం చేసుకుంది. నేనయ్యింది.

“వత్తున్నా అమ్మా...”

పలకడానికి నాన్న లేడు. సందులో మనిషి లేడు. ఉన్న ఒక్క కూతురు పడవెక్కి వెళ్ళిపోయింది. ఇంటికి రాని పిల్ల, ఫోన్ చెయ్యని పిల్ల, తల్లిమీద మనసు రాయి చేసుకున్న పిల్ల... దాని ప్రాణం దాని దగ్గర ఉంటే అలా ఎందుకు చేస్తుంది? చిన్నప్పుడు సగమే వచ్చి ఉంటుంది, సగం ఆ బావి దగ్గరే ఉండిపోయి ఉంటుంది. అలా అనుకుని ఉంటుంది అమ్మ. ఇంకోలా అనుకోవడం ఆమెకి చేతకాదు. నా మీద కోపం రావలసిన చోట ఆమెకి బావిమీద అనుమానం వచ్చింది.

మరి ఫోన్ చెయ్యొచ్చు కదా అంటారు మీరు. చెయ్యకూడదు. ఎవరి ప్రాణాన్ని పిలుస్తున్నామో ఆ మనిషికి తెలియకూడదు. తెలిస్తే ప్రాణం సిగ్గుపడి దాక్కుంటుందని నాయనమ్మ చెప్పేది. అందుకే ఖూ మామతో నాకేం వినబడదు అంది. దెయ్యమని జనం జడుసుకుంటే మంచిదే అనుకుంది.

నా గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. ఆపుకోలేకపోయాను.

లోపల అడుగులు ఆగాయి.

“ఎవరది?” గుసగుస.

పలకాలి. తలుపు తోస్తే తెరుచుకుంటుంది. అమ్మా, నేనే... రెండు మాటలు. కానీ నేనూ ఆ సందులో పుట్టినదాన్నే. నాకు తెలిసిపోయిందని ఆమెకి తెలిస్తే? ఆ మోకాలితో అంతంత దూరాలు నడిచి పిలిచిందంతా నీళ్ళపాలు అనుకుంటుంది. ఊపిరి బిగబట్టాను.

అమ్మ తలుపు దగ్గరగా వచ్చింది. తెరవలేదు. ఆమె కూడా భయపడుతోంది.

“ఎవరివో నాకు తెలీదు నాయనా. నిన్ను పిలవలేదు. ఆకలైతే ఏడో నెలలో, దిక్కులేని ప్రేతాలకి వడ్డించే రోజుల్లో రా, అందరికీ పెట్టినట్టే నీకూ ఇంత అన్నం పెడతాను. ఇప్పుడు దారి వదులు. ఇది నా పిల్ల వచ్చే దారి.” కర్రని ఇంకో భుజానికి మార్చుకుంది. “చిన్నపిల్ల... నిన్ను చూస్తే జడుసుకుంటుంది.”

దారి వదిలాను.

చెప్పులు చేత్తో పట్టుకుని, రాళ్ళమీద చప్పుడు కాకుండా, గోడ వారగా దిగిపోయాను. ఎర్ర కమాన్ల ఇంటి దగ్గర ఆ రాత్రి దెయ్యమంటూ ఏదైనా ఉంటే, అది నేనే. బతికున్న మనిషిని, కన్నతల్లి గుర్తుపట్టక అన్నం పెడతా పొమ్మన్న మనిషిని. మలుపు దాటేదాకా వెనకనుంచి పిలుపు వినబడుతూనే ఉంది. రాత్రి పిలుపుకి తిరిగి చూడకూడదంటారు. చూశాను. గోడమీద చొక్కా ఊగుతోంది.

రాత్రంతా రేవు బెంచీమీద కూచున్నాను. తొలి పడవకి ఇవతలికి వచ్చాను. పగలంతా గిన్నెలు కడిగాను. మధ్యాహ్నం ఖూ మామ వచ్చి, ఇక ఆ ఇంటికి మంత్రం తెలిసినాయన్ని తీసుకొచ్చి తలుపులకి కాగితాలు అంటించి పిలుపు కట్టేయిస్తామన్నాడు. బసలవాళ్ళు చందా వేసుకుంటున్నారట.

“వద్దు మామా,” అన్నాను.

“ఏం, నీకు చుట్టమా?”

“కట్టెయ్యకండి. దానంతట అదే ఆగిపోతుంది.”

“నీకెలా తెలుసే?” అన్నాడు. పెక్-హా అక్క నా ముఖంవంక చూసి, ఆయన గిన్నెలో ఇంకో గరిటె వేసి, “తాగు, చల్లారిపోతుంది,” అంది.

ఇప్పుడు మళ్ళీ రాత్రి. కిటికీ మూసే ఉంచాను. తెరిచినా ఇంత దూరం వినబడదని తెలుసు, అయినా మూసే ఉంచాను. ఈ వేళకి ఆమె మోకాలు పట్టుకుని లేస్తూ ఉంటుంది. బావి దగ్గరనుంచి గడపకి. గడప దగ్గరనుంచి బావికి. ఇద్దరి పనీ ఒక్కతే.

ఇదంతా రాస్తుంటే ఒకటి తేలింది. విన్నానని ఆమెకి ఎప్పటికీ చెప్పను. ఎర్ర చొక్కా చూశానని చెప్పను. ఆ తలుపు అవతల ఏడ్చింది ఎవరో ఆమెకి తెలియనక్కర్లేదు. ఏ ఆకలిగొన్న దెయ్యమో అనుకోనీ. ఏడో నెలలో దానికోసం ఒక గిన్నె ఎక్కువ వండినా వండనీ.

అమ్మ నంబరు మారలేదు, ఫోను ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. నా వేళ్ళకి ఇంకా వచ్చు. ఎత్తగానే ముందు తిడుతుంది. తిట్టనిస్తాను. ఆయాసం వచ్చి ఆగినప్పుడు, మామూలుగా, ఏమీ తెలియనిదానిలా అంటాను: “ఎందుకో తెలీదమ్మా... రెండు రోజులుగా ఒకటే ఇంటికి రావాలనిపిస్తోంది.”

తెల్లవారేదాకా ఆగుదామనుకున్నాను. తెల్లవారేలోగా ఆమె ఇంకెన్నిసార్లు నడవాలో.

ఇప్పుడే చేస్తాను.